అరిగించువాడెవడు?

పసిబిడ్డకు గోరుముద్దలు తినిపించిన పిమ్మట తల్లి ఆ బిడ్డను ఒడిలో పరుండబెట్టుకొని, చిట్టిపొట్టను అరచేతితో నిమురును. నిమురుచు, వాతాపి జీర్ణమైనట్లు నీవు తిన్నదియు జీర్ణము కావలెనను అర్థము వచ్చు నాలుగు మాటలు పలుకును. తెలుగునాట ఈ ఆచారము నెఱుగని యిల్లు అరుదు. ఆ తల్లికి ఇల్వలుని కథ పూర్తిగా తెలియకపోవచ్చును. మాంసముగా వండబడి, అతిథుల కడుపు చీల్చుకొని బయటకు వచ్చుచుండిన వాతాపిని అగస్త్యమహర్షి అరిగించుకొన్న వృత్తాంతము మహాభారతములో అరణ్యపర్వమునందున్నదని ఆమె ఎన్నడును విని యుండకపోవచ్చును. కాని ఒక్క సంగతి ఆమెకు బాగుగా తెలియును. అన్నము కలుపుట, ముద్ద చేయుట, నోటికందించుట వరకే ఆమె పని. గొంతు దిగిన పిమ్మట జరుగవలసినది ఆమె చేతిలో లేదు. బిడ్డ చేతిలోను లేదు. అందుచేతనే ఆమె బిడ్డతో అరిగించుకొమ్మని చెప్పదు. మఱియొకరిని తలచుకొనును.

పెరిగి పెద్దవాడైన పిమ్మట మనుష్యుడు ఈ సంగతిని మఱచిపోవును. రాళ్ళు తిన్నను అరిగించుకొందునని యౌవనములో గొప్పలు చెప్పుకొనును. నేను తింటిని, నేను అరిగించుకొంటిని, నా కండబలము నేను సంపాదించుకొన్నది అని అతని తలపు. భగవద్గీత పదునైదవ అధ్యాయములో శ్రీకృష్ణభగవానుడు ఈ తలపునకు అడ్డు వచ్చు మాట నొకదానిని అర్జునునితో చెప్పెను. ప్రాణుల దేహములలో వైశ్వానరాగ్నిగా వసించుచు, నాలుగు విధములైన ఆహారమును పక్వము చేయువాడను నేనే యని ఆ మాటకు తాత్పర్యము. ఆ నాలుగు విధములను విస్తరి చూచినవారెవరైనను ఎఱుగుదురు: కొరికి నమలు భక్ష్యము, కలిపి తిను భోజ్యము, పీల్చు చోష్యము, నాకు లేహ్యము. అప్పము, పెరుగన్నము, చెఱకు, తేనె అని చెప్పిన పిల్లలకు సైతము అర్థమగును. అయితే, తినువాడు ఒకడు, అరిగించువాడు వేఱొకడు అను ఈ మాట స్తోత్రరూపమైన అతిశయోక్తియా, లేక దేహములో నిజముగా జరుగుచున్నదానికి తగిన వర్ణనయా? శరీరశాస్త్రజ్ఞులు గడచిన రెండువందల యేండ్లలో తెలిసికొన్న విషయములను దగ్గర నుంచుకొని చూచుట మంచిది.

సంప్రదాయము పాటించు గృహస్థు విస్తరి ముందు కూర్చుండి, నీటితో విస్తరిచుట్టు పరిషేచనము చేసి, ఔపోశనము పట్టి, ఐదు చిన్ని ముద్దలను ప్రాణ, అపాన, వ్యాన, ఉదాన, సమానములకు ఆహుతులుగా సమర్పించును. ఆ మెతుకులకు పండ్లు తగులరాదని పెద్దలు చెప్పుదురు. అవి అగ్నిలో వ్రేల్చినవి. వ్రేల్చినదానిని మరల తనదిగా ఎవడును భావింపడు. భోజనపు బల్లలు వచ్చిన పిమ్మట ఈ ఆచారము చాల యిండ్లలో సన్నగిల్లినది. అయినను మ్రింగుటను హోమముతో పోల్చిన ఆ బుద్ధి ఎంత నిశితమైనదో జీర్ణక్రియను తెలిసికొన్నకొలది స్పష్టమగును.

నోటిలో మనుష్యునకు సర్వాధికారము గలదు. ఏమి తినవలెనో, ఎంత తినవలెనో, ఎంతసేపు నమలవలెనో అతని యిష్టము. లాలాజలము దినమునకు ఒక లీటరు మొదలు లీటరున్నర వరకు ఊరుచుండును. అందలి ఎంజైము అన్నములోని పిండిపదార్థమును నోటిలోనే విడగొట్ట నారంభించును. కూరయు పులుసును కలుపని వట్టి అన్నమును తొందరపడక నమలిన కొంతసేపటికి తీపి తగులుట అందువలననే. నాలుక ఆ ముద్దను వెనుకకు త్రోసిన క్షణమున ఈ అధికారము ముగియును. ముద్ద గొంతు వెనుక గోడను తాకినంతనే శ్వాసమార్గము మూసికొనును, ఊపిరి క్షణకాలము నిలుచును, అన్నవాహిక తెఱచుకొనును. సుమారు 25 సెంటీమీటర్ల ఆ గొట్టములో ముద్ద తన బరువుచేత జారిపడుటలేదు. కండరములు ఒకదాని వెనుక నొకటి ముడుచుకొనుచు అలవలె దానిని నడిపించును. తలక్రిందులుగా నిలిచినవాడు మ్రింగినను ముద్ద జీర్ణకోశమునకే చేరును. ఇదంతయు పట్టుమని పది సెకండ్ల పని.

పెదవులనుండి గొంతువరకు గల దూరము ఒక అరచేతి పొడవు మించదు. అటుపిమ్మట సుమారు ఎనిమిది మీటర్ల మార్గము గలదు. దాని చిట్టచివర, విసర్జనకాలమున, అధికారము మరల కొంత మనుష్యుని చేతికి వచ్చును. నడుమ జరుగునదంతయు అతడు నిద్రించుచున్నను, పద్దులు వ్రాసికొనుచున్నను, పొరుగువానిని నిందించుచున్నను జరిగిపోవుచునే యుండును. ప్రేవుల గోడలలో పదికోట్లకు మించిన నాడీకణములు గలవు. ప్రేవునకు మెదడుతో గల నాడీసంబంధమును తెంచివేసినను దాని అలలు ఆగవని 1899లో ఇంగ్లండునందు బేలిస్, స్టార్లింగు అను శాస్త్రజ్ఞులు జంతువులపై పరీక్షచేసి చూపిరి. యజమాని ఊరిలో లేకున్నను పనులు ఆగని లోగిలి యిది.

ఈ లోపలి పనిని బ్రతికియున్న మనుష్యునిలో కంటితో చూచు అవకాశము చాలకాలము ఎవరికిని కలుగలేదు. కలిగిన తీరు బాధాకరమైనది. 1822వ సంవత్సరము జూన్ 6వ తేదీన అమెరికాలోని మెకినా ద్వీపమున చర్మవర్తకుల అంగడిలో తుపాకి పొరపాటున ప్రేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను పడవకూలి కడుపు చీలిపోయెను. బ్రతుకడనుకొన్న అతనిని విలియం బోమంట్ అను సైనికవైద్యుడు బ్రతికించెను. గాయము మానినను, జీర్ణకోశములోనికి బయటినుండి ఒక రంధ్రము శాశ్వతముగా మిగిలిపోయెను. 1825 మొదలు బోమంట్ ఆహారపు తునుకలను పట్టుదారమునకు కట్టి ఆ రంధ్రముగుండా లోనికి దించి, కొంతసేపటికొకమారు పైకి తీసి, ఎంత కరిగినదో చూచి వ్రాసికొనెను. లోపలి రసమును కొంత సీసాలోనికి తీసి, దేహపు వేడిమి కల్పించి, అందు మాంసపుముక్కను వేసెను. అది అక్కడ సైతము మెల్లమెల్లగా కరిగిపోయెను. తిన్నవాని సంకల్పము మాటయటుంచి, తిన్నవాడు దగ్గరలేకున్నను రసము తన పని తాను చేసినది.

ఆ పరీక్షలు 1833లో గ్రంథముగా వెలువడినవి. అందు ఆధ్యాత్మికులు గమనింపదగిన సంగతి యొకటి గలదు. సెయింట్ మార్టిన్ తీవ్రముగా కోపించిన వేళ జీర్ణకోశములోనికి పైత్యరసము చేరుటయు, జీర్ణక్రియ కుంటుపడుటయు బోమంట్ స్వయముగా చూచెను. కోపముతో తినరాదని, కన్నీటితో వడ్డింపరాదని పెద్దలు చెప్పినది వట్టి మర్యాద కొఱకు కాదన్నమాట. లోపలి అగ్నిని మండించుట మనుష్యుని వశములో లేదు గాని, దానిపై నీళ్ళు చల్లుట అతని వశములో నున్నది.

ఆ గ్రంథము వలన వైద్యునకు కీర్తి కలిగినది. కూలివానికి ఏమి కలిగినది? తన్ను పరీక్షించుకొనుటకు అంగీకరించుచు అతడు ఒప్పందపత్రములో సంతకమునకు బదులు గుర్తు పెట్టవలసివచ్చెను. అతనికి చదువు రాదు. వైద్యుని యింట కట్టెలు కొట్టుచు, బరువులు మోయుచు, నడుమనడుమ తన కడుపును చూపుచు అతడు కాలము గడపెను. పలుమారులు విడిచి వెళ్ళెను, పలుమారులు పిలిపింపబడెను. 1880లో అతడు మరణించినపుడు వైద్యులెవరును దేహమును కొనిపోవకుండ, బంధువులు అది శిథిలమగువరకు ఉంచి, మిక్కిలి లోతుగా గోయి త్రవ్వి పూడ్చిపెట్టిరి. దేహము దేవాలయమని చెప్పుకొను జాతికి ఈ కథలో ఆలోచింపదగినది చాల గలదు. గర్భాలయములోనికి కిటికీ దొరికినదని తొంగిచూచినవాడు, ఆ కిటికీ ఒక మనుష్యుని గాయమని మఱచిన అపచారమే యగును. బోమంట్ పూర్తిగా మఱచెననుట న్యాయము కాదు. ప్రాణము పోసినవాడును అతడే. పూర్తిగా గుర్తుంచుకొనెననుటయు కష్టమే.

కిటికీలోనుండి కనబడిన ఆ రసము మిక్కిలి తీక్ష్ణమైనది. అందు హైడ్రోక్లోరికామ్లము గలదు. మాంసకృత్తులను త్రుంచు పెప్సిన్ అను ఎంజైము గలదు. మాంసమును కరిగింపగల ఈ రసము, తానును మాంసమేయైన జీర్ణకోశమును ఏల కరిగింపదు? లోపలి గోడపై జిగురుపొర యొకటి ఎల్లపుడు ఊరుచుండుటయు, ఆ గోడలోని పైకణములు కొద్దిదినములకొకమారు క్రొత్తవి పుట్టుచుండుటయు కారణములు. క్లోమగ్రంథిది మఱింత వింతయైన నియమము. అది తయారుచేయు తీక్ష్ణమైన ఎంజైములను నిద్రాణస్థితిలోనే పంపును. చిన్నప్రేవును చేరిన తరువాతనే అవి మేల్కొనును. త్రోవలో తొందరపడి మేల్కొన్నచో క్లోమము తన్ను తానే తినివేయును. అది ప్రాణాంతకమైన వ్యాధి. ఒరలోనున్న కత్తిని యుద్ధభూమిలోనే దూయవలెనను రాజనీతిని ఈ గ్రంథికి బోధించినదెవరు?

కాలేయమునుండి వచ్చు పైత్యరసము క్రొవ్వును చిన్నచిన్న బిందువులుగా చేయును. పనియైన పిమ్మట అందలి లవణములలో చాలభాగము చిన్నప్రేవు చివర తిరిగి గ్రహింపబడి కాలేయమునకే చేరును. పొదుపునెఱిగిన ఇల్లాలు పోపుడబ్బా సర్దుకొన్నట్లు దేహము వీటిని మరల మరల వాడుకొనును. నీటి లెక్క మఱియు ఆశ్చర్యకరము. మనుష్యుడు త్రాగునది దినమునకు రెండు లీటర్ల నీరే. లాలాజలము, జఠరరసము, పైత్యరసము, క్లోమరసము, ప్రేవుల రసము కలిసి మఱి ఏడు లీటర్ల వరకు లోపల ఊరి ఆహారములో కలియును. ఈ తొమ్మిది లీటర్లలో బయటకు పోవునది గ్లాసెడు మాత్రమే. మిగిలినదంతయు రక్తములోనికి మరలివచ్చును. విషూచివంటి వ్యాధిలో ఈ మరలింపు తప్పినపుడు కొన్ని గంటలలో మనుష్యుడు వాడిపోవుట అందరెఱిగినదే.

అసలు స్వీకారము జరుగునది చిన్నప్రేవులో. సుమారు ఆఱు మీటర్ల ఆ గొట్టపు లోపలి గోడ, మఖమలుగుడ్డవలె అసంఖ్యాకములైన సన్నని చూషకములతో నిండియుండును. వాటిని విప్పి పఱచిన టెన్నిస్ మైదానమంత యగునని పాఠ్యపుస్తకములు చాలకాలము వ్రాసినవి. 2014లో స్వీడన్ పరిశోధకులు జాగ్రత్తగా కొలిచి, మొత్తము జీర్ణమార్గపు లోపలి వైశాల్యము ముప్పది చదరపుమీటర్లకు కొంచెము పైన అని తేల్చిరి. ఒక మోస్తరు యింటి ముందరి పందిరియంత. పందిరియైనను చాలును, అన్నము అన్నముగా నుండుట మాని మనుష్యుడగునది దాని క్రిందనే.

అన్నమునుండి మనుష్యుడెట్లగునో ఛాందోగ్యోపనిషత్తు ఆఱవ అధ్యాయములో ఉద్దాలకుడు తన కుమారుడైన శ్వేతకేతువునకు వివరించెను. తిన్నదానిలో స్థూలభాగము మలమగును, నడిమి భాగము మాంసమగును, సూక్ష్మభాగము మనస్సగునని ఆయన చెప్పెను. నమ్మిక కలిగించుటకై కుమారుని పదునైదు దినములు నీరు మాత్రము త్రాగి ఉండుమనెను. పదునాఱవనాడు వేదము చెప్పుమనగా శ్వేతకేతువునకు ఒక్క మంత్రమును స్ఫురింపలేదు. భోజనముచేసి వచ్చిన పిమ్మట అంతయు స్ఫురించెను. మెదడు బరువు దేహములో నూటికి రెండు వంతులైనను, అది వినియోగించుకొను శక్తి నూటికి ఇరువది వంతులని శాస్త్రజ్ఞులు లెక్కకట్టియున్నారు. ఆకలిగొన్న బాలునకు పాఠము తలకెక్కలేదని కోపించు ఉపాధ్యాయుడు ఈ తండ్రి చేసిన పరీక్షను ఒకమారు చదువవలసియున్నది.

అన్నములోని శక్తి కణములలో ఏ రూపమున చెల్లుబాటగునో కనుగొన్నవారిలో ఒక తెలుగువాడున్నాడు. 1929లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి, ఎ.టి.పి. అని పిలువబడు పదార్థమును కండరములలో గుర్తించిన యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. అదే సంవత్సరమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడు వేఱుగా దానిని కనుగొనెను. కనురెప్ప వాల్చుట మొదలు కొండ నెక్కుట వరకు దేహము చేయు ప్రతి పనికిని ఈ పదార్థము నాణెమువంటిది. ఇంతవరకు చెప్పిన జీర్ణక్రియ యంతయు ఈ నాణెమును ముద్రించుటకు కావలసిన లోహమును సమకూర్చుటయే.

అయితే సుబ్బారావు పేరు ఇక్కడ చెప్పుటకు కారణము ఆ కీర్తి కాదు. అతని యింట జరిగిన దుఃఖము గీతావాక్యమును నమ్మువారి ముందు ఒక కఠినమైన ప్రశ్నను ఉంచుచున్నది. అతని సోదరులిద్దఱు స్వల్పవ్యవధిలో ఒకే వ్యాధివలన మరణించిరి. ఆంగ్లవైద్యులు దానిని ట్రాపికల్ స్ప్రూ అందురు. మన వైద్యులు సంగ్రహణి అను వర్గములో చేర్చుదురు. ఆ వ్యాధిలో చిన్నప్రేవు లోపలి చూషకములు అణగిపోవును. మఖమలు నూలుగుడ్డగా మాఱినట్లగును. రోగి తినును, తిన్నది లోనికి పట్టక బయటకు పోవును. నాలుక పూయును, రక్తము పలుచబడును, దేహము నానాటికి శుష్కించును. ఇంటిలో అన్నముండగా, పెట్టు చేయి యుండగా, తినుటకు నోరుండగా, ఆకలిచావు.

అన్నమును పచనము చేయువాడు భగవంతుడే యైనచో, ఆ యింట ఆయన ఏల చేయలేదు? బిడ్డల పొట్టలు నిమిరిన చేతులతో ఆ తల్లి వెంకమ్మగారు ఎవరిని తలచుకొని యుందురు?

ఈ ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పువారు రెండు విధములవారు. కర్మఫలమని చెప్పి విస్తరి మడచి లేచిపోవువారు కొందఱు. దేవుడు లేడనుటకు ఇదియే నిదర్శనమని చెప్పి లేచిపోవువారు మఱికొందఱు. ఇరువురును దుఃఖించుచున్న యింట ఎక్కువసేపు కూర్చుండనివారే. గీతలోని మాటను జాగ్రత్తగా చూచిన, అది అభయపత్రము కాదని తెలియును. పచనము చేయువాడెవడో భగవానుడు చెప్పెను గాని, ఏ దేహములోను ఆ పొయ్యి ఎన్నడును చెడదని చెప్పలేదు. చిన్నప్రేవులో అగ్నికి ఆశ్రయమైన చోటును ఆయుర్వేదము గ్రహణి యని పిలిచినది. ఆ చోటు దుష్టమైనపుడు వచ్చు రోగమునకును ఆ పేరే పెట్టినది. అగ్ని ఈశ్వరునిది, పొయ్యి మట్టిది. మట్టిది గనుక బీటలువాఱును. బీటలువాఱిన పొయ్యిని మెత్తుటకు మనుష్యులకు చేతులున్నవి. ఈ మాట ఆ తల్లికి చాలదు. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లికి చాలు మాట ఏ శాస్త్రములోను లేదు.

సుబ్బారావు సైతము ఆ వ్యాధిపాలయ్యెను. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన బ్రతికి బయటపడెను. అంతకుముందు సన్న్యసింపదలచి రామకృష్ణమఠము నాశ్రయింపగా, వైద్యవిద్య నభ్యసించి ప్రజలకు సేవ చేయుమని అక్కడి సాధువులు అతనిని మరలించిరని అతని జీవితచరిత్రలు చెప్పుచున్నవి. కాషాయము కోరినవానిని ఔషధములవైపు నడిపించిన ఆ సాధువులు పేరు పెట్టి కొనియాడదగినవారు. మద్రాసులో వైద్యము చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో బోధించి, 1922లో అతడు అమెరికా చేరెను. మరల స్వదేశమునకు రాలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలకు నాయకుడయ్యెను. అతని నాయకత్వమున 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. బెంజమిన్ డగ్గర్ అను వృద్ధశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిన్ అను మందు 1948లో అక్కడనే వెలువడినది. టెట్రాసైక్లిన్ వర్గమునకు అదియే మొదటిది. ఆ సంవత్సరముననే సుబ్బారావు న్యూయార్కులో మరణించెను.

సంగ్రహణికి వైద్యులు నేడిచ్చు ముఖ్యౌషధములు రెండు. ఒకటి ఫోలిక్ ఆమ్లము. రెండవది టెట్రాసైక్లిన్. కొన్ని నెలలు వాడిన, అణగిన చూషకములు మరల లేచును. మఖమలు మరల మఖమలగును. సోదరుల మరణమే అతనిచేత ఇదంతయు చేయించినదనుట కథను మరీ చక్కగా అల్లుట యగును. ఫోలిక్ ఆమ్లమును వెదకినది ప్రధానముగా రక్తహీనతకు మందు కొఱకు. ఆరియోమైసిన్ అనేక రోగములకు ఉద్దేశింపబడినది. అయినను, గోదావరీతీరమున రెండు విస్తరులు ఖాళీయైన యింటినుండి బయలుదేరినవాని చేతులమీదుగా ఆ విస్తరులను నింపగల రెండు మందులును లోకమునకు వచ్చినవి.

కనుక, అరిగించువాడు తాను కాడని తెలిసినవానికి చేయవలసిన పని లేదని అనుకొనరాదు. అరచేతి పొడవు రాజ్యము అతనిది. అందులో జరుగు అన్యాయములన్నింటికి అతడే బాధ్యుడు. కడుపు నిండినదను వార్త మెదడునకు చక్కగా తెలియుటకు సుమారు ఇరువది నిమిషములు పట్టును. పది నిమిషములలో భోజనము ముగించువాడు ఆ దూత రాకముందే కోటతలుపులు తెఱచి దోపిడికి అనుమతించినవాడగును. కడుపులో సగము అన్నమునకు, పాతిక నీటికి ఇచ్చి, తక్కినది వాయుసంచారమునకు విడువుమని ఆయుర్వేదము చెప్పినది. విందులలో బలవంతముగా మాఱు వడ్డించుట మర్యాదగా చెల్లుచున్న దేశములో ఈ లెక్క పుస్తకమునకే పరిమితమైనది.

ఏకాదశినాడు ఉపవసించినవారెఱుగుదురు, మధ్యాహ్నము దాటునప్పటికి కడుపులో ఎలుకలు పరుగెత్తును. అవి నిజముగా పరుగెత్తునవే. జీర్ణకోశము ఖాళీగానున్నపుడు సుమారు గంటన్నర, రెండు గంటలకొకమారు బలమైన అల యొకటి బయలుదేరి చిన్నప్రేవు చివరివరకు ఊడ్చుకొని పోవును. పందిరి ఊడ్చి, తరువాతి పంక్తికి సిద్ధపఱచుట. ఉపవసించినవానికి ఆ చప్పుడు వ్రతములో భాగము. రేపటి పారణ అతనికి నిశ్చయము. ప్రొద్దుటినుండి కూలి దొరకనివాని కడుపులోను అదే అల, అదే వ్యవధిలో, అంతే శ్రద్ధగా ఊడ్చుచుండును. పంక్తి మాత్రము రాదు. లోపలి అగ్నికి కులము, ధనము, పాండిత్యము అను భేదము లేదు. ఛాందోగ్యము ఐదవ అధ్యాయములో వైశ్వానరవిద్యను ఉపదేశించు ఘట్టము చివర, ఎఱిగినవాడు తన యెంగిలిని చండాలునకు పెట్టినను అది వైశ్వానరునియందు చేసిన హోమమేయని చెప్పబడినది. ఆ కాలపు మాటలలో అంతకంటె బిగ్గరగా చెప్పుట సాధ్యము కాదు. ఆకలిగొన్న పిల్లలు తల్లిచుట్టు మూగినట్లు సర్వభూతములు ఈ అగ్నిహోత్రముచుట్టు మూగియున్నవని ఆ వెంటనే ఒక ఉపమానము గలదు.

గోదావరిపాయల నడుమ లంకలగన్నవరమున డొక్కా సీతమ్మగారు 1909 వరకు జీవించిరి. ఏఱు దాటి వచ్చు బాటసారులకు వేళగాని వేళయందును ఆమె యింట అన్నము దొరకుచుండెడిది. ఒకమారు ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు బయలుదేరిరట. త్రోవలో ఒక కుటుంబము ఎదురు వచ్చుచుండెను. ఆకలికి ఏడ్చుచున్న పిల్లలతో పెద్దవారు, ఇంకొంచెము ఓర్చుకొనుడు, సీతమ్మగారి యిల్లు వచ్చినది, కడుపునిండ తినవచ్చునని చెప్పుచుండుట ఆమె చెవిని పడినది. ఆమె స్వామిదర్శనమునకు పోలేదు. వారికంటె ముందుగా యిల్లు చేరి, పొయ్యి రాజవేసి, ఎసరు పెట్టిరని కోనసీమవారు నేటికిని చెప్పుకొందురు.